జలోదరం నుంచి జఠరపు పొర దాకా: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో కాలేయవ్యాధి నామచరిత్ర

ప్రస్తావన

వ్యాధికి శరీరంలో ఒక గమనం ఉంటుంది, భాషలో మరొకటి ఉంటుంది. శరీరంలో వ్యాధి ఎక్కడ మొదలైందో అక్కడే భాషలో దాని పేరు మొదలు కాదు. కంటికి కనబడినప్పుడు, చేతికి తగిలినప్పుడు, ఇల్లు కలవరపడినప్పుడు మాత్రమే దానికి పేరు పుడుతుంది. కాలేయం గట్టిపడే వ్యాధి, అంటే సిర్రోసిస్, ఇందుకు చక్కని ఉదాహరణ. ఆ వ్యాధి చివరిదశలో పొట్టలో చేరే నీటికి తెలుగులో శతాబ్దాల పేరు ఉంది. దానికంటే ఎంతో ముందు జఠరపు లోపలి పొరలో వచ్చే మార్పుకు నేటికీ జనవ్యవహారంలో పేరు లేదు.

కరీంనగర్ జిల్లాలో భాగాలుగా ఉండి, 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలలోకి చేరిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలను, వాటి పరిసర గ్రామాలను ఆధారంగా తీసుకొని ఈ పేర్ల చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సంస్కృత వైద్యగ్రంథాల పదజాలం, హైదరాబాదు రాజ్యంలోని ఉర్దూ దవాఖానా పదజాలం, కల్లు సారాల ఆబ్కారీ పదజాలం, గల్ఫ్ ప్రయాణాల వైద్యపరీక్షల పదజాలం ఒకదానిమీద ఒకటి పేరుకున్న ప్రాంతమిది. రోగికి ఏ పేరు దక్కితే ఆ పేరుకు తగిన చికిత్సే దక్కుతుంది కనుక ఈ పరిశీలన కేవలం నిఘంటు కుతూహలం కాదు.

శాస్త్రగ్రంథాల పేర్లు: ఉదరం, రక్తపిత్తం, పాండువు

చరకసంహిత చికిత్సాస్థానం 13వ అధ్యాయం ఉదరరోగాలను ఎనిమిదిగా విభజించింది. వాత, పిత్త, కఫ, సన్నిపాత ఉదరాలు నాలుగు. ప్లీహోదరం, బద్ధగుదోదరం, ఛిద్రోదరం, జలోదరం తక్కిన నాలుగు. ఈ విభజనలో కాలేయానికి ప్రత్యేకస్థానం లేదు. కుడివైపున కాలేయం పెరిగినప్పటికీ లక్షణాలూ చికిత్సా ఒకటే గనుక దానిని ప్లీహోదరంలోనే కలిపి చెప్పడం జరిగింది. ఉపేక్షించిన ఉదరాలన్నీ చివరకు నీటిదశకు చేరుతాయన్న పరిశీలన మాత్రం విలువైనది. జలోదరాన్ని విడి రోగంగానే కాక, ఒక క్రమానికి తుదిమజిలీగా కూడా ఆ గ్రంథం చూసింది.

నీరు చేరిన పొట్టను తాకితే నీళ్ళు నింపిన తోలుతిత్తిలా కదులుతుందన్న పోలిక అక్కడే ఉంది. పొట్టమీద సిరలు తేలి కనబడటం కూడా నమోదైంది. సుశ్రుతసంహిత ఒక అడుగు ముందుకు వేసి, బొడ్డుకు దిగువన ఎడమపక్క పొడిచి నీటిని తీసే విధానాన్ని వివరించింది. ఉన్న నీటినంతా ఒకేరోజు తీయరాదని, అంచెలంచెలుగా తీయాలని హెచ్చరించింది. నేటి ఆసుపత్రులలోనూ ఎక్కువ పరిమాణంలో నీరు తీసినప్పుడు రక్తప్రసరణ కుప్పకూలకుండా ఆల్బుమిన్ ఎక్కించడం ఆనవాయితీ. కారణవివరణ మారింది కాని, జాగ్రత్త పాతదే.

రక్తపిత్త ప్రకరణం ఈ సందర్భంలో మరింత గమనార్హం. నోరు, ముక్కు మొదలైన పైమార్గాల రక్తస్రావాన్ని ఊర్ధ్వగమనీ, గుద, మూత్రమార్గాల రక్తస్రావాన్ని అధోగమనీ చరకుడు వేరుచేశాడు. ఆ రోగానికి ఆశ్రయాలు ప్లీహం, యకృత్తు అని చెబుతూ, రక్తాన్ని మోసే స్రోతస్సులకు మూలాలు అవేనని కారణం చూపాడు. దీనిని చదివి ద్వారసిరలోని అధిక పీడనాన్ని ప్రాచీనులు ముందే కనుగొన్నారని అనడం చరిత్ర కాదు. రక్తపిత్తంలో ముక్కునుంచి కారే రక్తం మొదలు ఇంకెన్నో రోగస్థితులు కలిసి ఉన్నాయి. అయితే రక్తం కక్కే రోగిలో వెతకవలసిన చోటు కాలేయం, ప్లీహం అనే చూపు ఆ సంప్రదాయంలో ఉన్నదని మాత్రం చెప్పవచ్చు. ఆ చూపు తరువాతి జనవ్యవహారంలో నిలవలేదు. శరీరం పాలిపోయే పాండురోగం వేరే అధ్యాయమైంది. పొట్ట నీరు, రక్తస్రావం, పాలిపోవడం అనే మూడు లక్షణాలు మూడు పేర్లుగా విడిపోయాయి. సంస్కృత శ్లోకాలతో పాటు తెలుగు కూడా కలిసి నడిచిన బసవరాజీయం వంటి గ్రంథాల ద్వారా ఈ పేర్లే తెలుగు వైద్యుల చేతికి అందాయి.

దవాఖానా భాష

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం 1948 వరకు నిజాం ఏలుబడిలో ఉండటం వల్ల ఇక్కడి ఆధునిక వైద్యపదజాలానికి ఇంగ్లీషుతో పాటు ఉర్దూ కూడా ద్వారమైంది. 1846లో హైదరాబాదులో ఏర్పడిన వైద్యపాఠశాలలో ఉర్దూలో బోధన సాగింది. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూనే మాధ్యమంగా స్వీకరించి, అనువాదసంస్థ అయిన దారుల్ తర్జుమా ద్వారా శాస్త్రగ్రంథాలను ఆ భాషలోకి తెచ్చింది. కోస్తా ప్రాంతపు రోగి ధర్మాసుపత్రికి వెళ్ళిన కాలంలో తెలంగాణ రోగి ‘సర్కారు దవాఖాన’కు వెళ్ళాడు. ఆ మాట నేటికీ మారలేదు.

యునానీ వైద్యం జలోదరాన్ని ఇస్తిస్ఖా అన్నది. అందులో పొట్టలో నీరు నిలిచే రకానికి జిఖ్ఖీ అని పేరు. జిఖ్ఖ్ అంటే తోలుతిత్తి. చరకుడు పోలికగా వాడిన వస్తువే అరబ్బీ వైద్యంలో రోగనామమయింది. ఎడారిలోనూ మెట్టనేలలోనూ నీటిని తోలుసంచిలో మోసిన మనుషులకు ఆ పొట్ట ఒకేలా కనబడింది. ఈ రెండు సంప్రదాయాల సామ్యం ఒక పరిమితిని కూడా చూపుతుంది. రెండూ పైనుంచి చూసిన పేర్లే.

జనవ్యవహారంలో కార్జం, బల్ల, పసిరికలు

ఈ ప్రాంతపు వాడుకలో కాలేయానికి ‘కార్జం’ అనే మాట ముఖ్యంగా మాంసం దుకాణంలో వినబడుతుంది. ఉర్దూ సంపర్కంతో వచ్చిన ‘ఖలేజా’ అవయవం నుంచి గుణానికి మారి ధైర్యమనే అర్థంలో స్థిరపడింది. మనిషి కాలేయానికి రోగం వచ్చినప్పుడు ఈ రెండు మాటలూ తప్పుకొని ‘లివర్’ వస్తుంది. ‘లివర్ ఖరాబైంది’ అనే వాక్యంలో ఇంగ్లీషు నామం, ఉర్దూ విశేషణం, తెలుగు క్రియ కలిసి ఉన్నాయి. ఈ ప్రాంత భాషాచరిత్ర అంతా ఆ రెండు పదాలలో ఇమిడి ఉందనవచ్చు.

పెరిగిన ప్లీహానికి ‘బల్ల’ అని తెలుగులో పాతపేరు. ఎడమ డొక్కలో చేతికి బల్లలా గట్టిగా తగలడమే ఆ పేరుకు మూలమని ఊహించవచ్చు. మలేరియా విస్తారంగా ఉన్న కాలంలో బల్ల సామాన్యమైన మాట. కామెర్లకు ‘పసిరికలు’ అనే వాడుక ఉంది. జలోదరానికి ‘కడుపుల నీళ్ళు వట్టుడు’ అంటారు. బల్ల స్పర్శకు, పసిరికలు రంగుకు, నీళ్ళు పట్టడం ఆకారానికి సంబంధించిన పేర్లు. ప్రతి పేరూ ఒక ఇంద్రియానుభవం.

నెత్తురు కక్కడం ఇందుకు భిన్నం. దానికి రోగనామం కంటే భయం ఎక్కువ. ‘నెత్తురు కక్కుకొని చస్తవు’ అనేది శాపవాక్యం. ఆరోగ్యంగా తిరుగుతున్నట్టు కనబడిన మనిషి ఒక్కసారిగా గిన్నెడు నెత్తురు కక్కితే బాణామతి, చేతబడి అన్న అనుమానం తెలంగాణ పల్లెలలో పుట్టడం తెలిసినదే. అన్నవాహిక అడుగున ఉబ్బిన సిరలు పగిలినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. ముందుగా నొప్పి ఉండదు, హెచ్చరిక ఉండదు. కారణం కనబడని చోట సమాజం కారకుణ్ణి వెతికింది. పేరులేని రోగం ఇరుగుపొరుగువారిమీద నిందగా మారగలదన్నది ఈ చరిత్రలో అన్నిటికంటే కఠినమైన పాఠం.

కల్లు, సారా, ఆబ్కారీ: నిందగా మారిన పేరు

హైదరాబాదు రాజ్యపు ప్రధాన ఆదాయమార్గాలలో ఆబ్కారీ ఒకటి. తాటి, ఈత చెట్ల కల్లు ఈ ప్రాంతంలో పానీయం మాత్రమే కాదు, ఆచారం కూడా. పండుగకు, చావుకు, దేవతకు సాక పోయడానికి కల్లు కావాలి. గీతవృత్తివారి జీవనం, కల్లు మండువ చుట్టూ సాగే సాయంకాలపు ముచ్చట ఇక్కడి గ్రామచరిత్రలో భాగాలు. గోదావరి తీరపు అడవుల్లో ఇప్పపువ్వు సారా, మైదానంలో నల్లబెల్లంతో కాచే గుడుంబా, తరువాతికాలంలో ప్రభుత్వం ప్యాకెట్లలో అమ్మించిన సారా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

తెలుగు రాజకీయచరిత్రలో మద్యం ప్రశ్నను మలుపుతిప్పినది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వ్యాపించిన స్త్రీల ఉద్యమం. దాని ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలయ్యాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఈ ఉద్యమంలో వినిపించిన బాధ ఇంటి ఆదాయం, దెబ్బలు, పిల్లల చదువు. స్త్రీలు తమ కళ్ళతో చూసినది అదే గనుక భర్తల కాలేయం ఆ ఉద్యమభాషలోకి పెద్దగా రాలేదు. ప్రభుత్వ లెక్కలలోనూ అమ్మిన సారా, వచ్చిన రాబడి నమోదయ్యాయి. తాగినవారి కాలేయాల లెక్క రాయడానికి ఆబ్కారీ పద్దులో గడి లేదు.

కల్లు కల్తీ ఈ సమస్యకు మరో పొరను చేర్చింది. చెట్టు కల్లు చాలనిచోట క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలిపిన ద్రవం కల్లు పేరుతోనే అమ్ముడుపోయింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం కల్తీకల్లుపై దాడులు చేసినప్పుడు, ఆ మందులకు అలవాటుపడినవారు ఒక్కసారిగా అవి అందక వణుకు, మతిభ్రమణంతో ఆసుపత్రులలో చేరారు. గట్టిపడిన కాలేయం ఉన్నవారిలో ఇటువంటి మత్తుమందులు మెదడును మరింతగా మందగింపజేసి అపస్మారకానికి దారితీయగలవు. ‘కల్లే గదా’ అన్న మాట ఒకే పేరు కింద రెండు వేర్వేరు పదార్థాలను దాచిపెట్టింది.

సిరిసిల్ల చరిత్ర ఇంకొక కోణాన్ని చూపుతుంది. చేమగ్గాల స్థానంలో ‘సాంచాలు’ అని ఇక్కడ పిలిచే మరమగ్గాలు వచ్చాయి. పన్నెండు గంటల పాళీలు, ఆసామికీ సేటుకూ మధ్య నలిగే కూలి, నూలుధర ఎగుడుదిగుళ్ళు కార్మికుల జీవితాన్ని శాసించాయి. గత శతాబ్ది చివరినుంచి ఇక్కడి నేతకార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రమంతటా చర్చకు వచ్చినప్పుడు అప్పు, పనికొరతలతో పాటు తాగుడు కూడా కారణాల జాబితాలో చేరింది. ‘తాగుడు’ అనే మాటకు ఒక గుణముంది. అది ప్రశ్నను ముగిస్తుంది. తాగి చెడ్డాడు అన్న తరువాత ఎందుకు తాగాడు, తాగిన అందరిలో కొందరికే కాలేయం ఎందుకు గట్టిపడింది, తాగనివారికి ఎందుకు వచ్చింది అనే ప్రశ్నలు మిగలవు. మద్యం కాలేయాన్ని దెబ్బతీస్తుందన్నది నిస్సందేహమైన వైద్యసత్యం. అయినా ‘తాగుబోతు రోగం’ అన్న పేరు ఆ సత్యాన్ని సగంలోనే ఆపివేసింది.

తాగనివారి కాలేయం: వైరస్, వీసా

తాగుడుతో నిమిత్తంలేని కాలేయవ్యాధి రక్తంలోని గుర్తులద్వారా తేలిన క్రమం ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధానిది. బరూచ్ బ్లూంబర్గ్ 1960లలో గుర్తించిన ‘ఆస్ట్రేలియా యాంటీజెన్’ హెపటైటిస్ బి వైరస్‌కు చెందినదని రుజువయింది. ఆ కృషికి ఆయనకు 1976లో నోబెల్ బహుమతి లభించింది. హెపటైటిస్ సి వైరస్ 1989లో గుర్తింపు పొందింది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా తయారుచేసిన హెపటైటిస్ బి టీకాను విడుదల చేయడం ఈ చరిత్రలో తెలుగునేలకు దక్కిన గౌరవస్థానం. 2011 నాటికి ఆ టీకా దేశవ్యాప్తంగా శిశువుల టీకాల కార్యక్రమంలో చేరింది. 2018లో జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ఆరంభమైంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలలో ఈ జ్ఞానం చాలామందికి గల్ఫ్ వీసా దారిలో అందింది. దుబాయి, మస్కట్, సౌదీ వెళ్ళేవారికి తప్పనిసరి అయిన వైద్యపరీక్షలో హెపటైటిస్ బి, సి పరీక్షలున్నాయి. ఏ బాధా లేని పాతికేళ్ళ యువకునికి తన కాలేయం గురించిన మొదటి మాట ‘అన్‌ఫిట్’ అన్న ముద్రగా వస్తుంది. ఆ ముద్ర అర్థం ప్రయాణం ఆగిపోయిందని, ఏజెంటుకు కట్టిన డబ్బు చిక్కులో పడిందని, తెచ్చిన అప్పు అలాగే ఉందని. రోగం ఉందని, దానికి ఏళ్ళతరబడి పరిశీలన అవసరమని, మందులతో వైరస్‌ను అదుపులో పెట్టవచ్చని ఆ ముద్ర చెప్పదు. ఆబ్కారీ పద్దులో కాలేయానికి గడి లేనట్టే, వీసా పద్దులో చికిత్సకు గడి లేదు.

వైద్యప్రపంచం కూడా పేరులోని నిందను ఆలస్యంగా గుర్తించింది. మద్యంతో సంబంధంలేని కొవ్వు కాలేయవ్యాధి పేరులో ‘మద్యం’, ‘కొవ్వు’ అనే మాటలు రోగిని చిన్నబుచ్చుతున్నాయన్న ఆలోచన కూడా తోడై, అంతర్జాతీయ కాలేయవైద్య సంఘాలు 2023లో దాని పేరునే మార్చాయి. మధుమేహం, స్థూలకాయం పెరుగుతున్న తెలంగాణ పట్టణాలకు ఈ మార్పు అన్వయిస్తుంది. ఏనాడూ కల్లు ముట్టని బీడీ కార్మికురాలికి సిర్రోసిస్ వచ్చిందంటే ఇరుగుపొరుగు నమ్మని స్థితి, పాతపేరు మిగిల్చినదే.

జఠరపు పొర: కనబడని దశకు పేరు

‘సిర్రోసిస్’ అన్న మాట 1819లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ పెట్టినది. కపిలవర్ణాన్ని సూచించే గ్రీకు మాట దానికి మూలం. అది రంగును బట్టి వచ్చిన పేరు. తెలుగులో వాడే ‘కాలేయం గట్టిపడటం’ స్పర్శను బట్టి వచ్చినది. రెండూ అవయవాన్నే చెబుతాయి గాని, ఆ అవయవంలోకి వచ్చే రక్తం గతి చెప్పవు. జీర్ణాశయం, పేగులు, ప్లీహం నుంచి రక్తాన్ని కాలేయానికి చేర్చే పెద్దసిర ద్వారానే కాలేయానికి అందే రక్తంలో సుమారు నాలుగింట మూడువంతులు వస్తుంది. కాలేయం మచ్చకట్టి గట్టిపడితే ఆ రక్తానికి దారి ఇరుకవుతుంది. వెనుక పీడనం పెరుగుతుంది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి వైద్యులు దీనికి పోర్టల్ హైపర్‌టెన్షన్ అని పేరు పెట్టారు. ప్లీహం పెరగడం, పొట్టలో నీరు, అన్నవాహికలో సిరలు ఉబ్బడం, నెత్తురు కక్కడం అన్నీ ఆ ఒక్క కారణానికి శాఖలని తేలింది. పాతకాలంలో విడిపోయిన బల్ల, జలోదరం, రక్తపిత్తం ఈ పేరు కింద మళ్ళీ ఒకచోట కలిశాయి.

1957లో హిర్షొవిట్జ్ బృందం వంగే గాజుపోగుల గొట్టంతో జఠరం లోపలిని చూపించిన తరువాత, పైనుంచి చూసే కాలం ముగిసి లోపలినుంచి చూసే కాలం వచ్చింది. సిర్రోసిస్ రోగుల జఠరపు లోపలి పొర పాముచర్మంలా గళ్ళుగళ్ళుగా, వ్యాధి తీవ్రమైనచోట ఎర్రని చుక్కలతో కనబడింది. తొలుత వైద్యులు దీనిని కూడా అలవాటైన పేరుతో గాస్ట్రైటిస్, అంటే వాపు, అన్నారు. 1985లో మెక్‌కార్మాక్, ఆయన సహచరులు ‘గట్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఆ పేరునే ప్రశ్నించింది. సూక్ష్మదర్శిని కింద ఆ పొరలో వాపుకణాలు స్వల్పం, ఉబ్బిన సన్నని రక్తనాళాలు అధికం. కనుక ఇది వాపు కాదు, రక్తం నిలిచిపోవడం. అక్కడినుంచి గాస్ట్రైటిస్ స్థానంలో గాస్ట్రోపతి అన్న పేరు నిలబడింది.

పేరు మారడంతో చికిత్స మారింది. వాపు అనుకున్నంతకాలం ఆమ్లాన్ని తగ్గించే మందులే దిక్కు. పీడనం అని తెలిసిన తరువాత ఆ పీడనాన్ని తగ్గించే మందు అవసరమైంది. 1980లో లెబ్రెక్ బృందం సిరలనుంచి తిరిగి రక్తస్రావం కాకుండా ప్రొప్రనొలాల్ ఉపకరిస్తుందని చూపింది. 1991లో ‘లాన్సెట్’లో వెలువడిన అధ్యయనం జఠరపు పొరనుంచి కారే రక్తానికి కూడా ఆ మందు తోడ్పడుతుందని నిరూపించింది. రెండక్షరాల ప్రత్యయం మార్పు వెనుక రోగిని చూసే దృష్టి మార్పు ఉందని దీనివల్ల విదితమవుతుంది.

ఈ పొరనుంచి రక్తం సాధారణంగా ఉప్పెనలా రాదు, చెమ్మలా కారుతుంది. రోగి నెత్తురు కక్కడు, నెలలతరబడి పాలిపోతాడు. ప్రాచీనులు చెప్పిన పాండువు ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది. అయితే వాడుకలో దాని పేరు ‘రక్తం తక్కువుంది’. ఆ పేరుకు తగిన చికిత్స ఇనుము మాత్ర. ఇనుము మాత్ర అవసరమే. కాని అది మలాన్ని నల్లగా మార్చి, లోపల రక్తస్రావం వల్ల వచ్చే నలుపును మరుగుపరచగలదు. కడుపు ఉబ్బరానికి ‘గ్యాస్’, మంటకు ‘అల్సర్’ లేదా ‘పేగుపూత’ అన్న పేర్లు వాడుకలో ఉన్నాయి. ఆ పేర్లతో మొదలైన వైద్యం ఆమ్లం మాత్రలతో ఆగిపోవచ్చు. ఒళ్ళునొప్పులకు తోడుగా వాడే నొప్పిమాత్రలు సిర్రోసిస్ రోగిలో రక్తస్రావాన్ని, మూత్రపిండాల చేటును పెంచగలవు.

పారిభాషిక పదం ప్రశ్న

తెలుగు అకాడమీ 1968లో ఏర్పడిన తరువాత వచ్చిన విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలలో పోర్టల్ సిరకు ‘కాలేయ నిర్వాహక సిర’ అన్న పదం స్థిరపడింది. లాటిన్ మాటలో ఉన్నది ద్వారం. తెలుగు పదంలో ఉన్నది మోసుకుపోవడం. రెండూ నిర్దుష్టమే. కాని ‘నిర్వాహకుడు’ నేటి వాడుకలో కార్యక్రమాలు నడిపేవాడు. అందువల్ల ‘కాలేయ నిర్వాహక సిరాధిక పీడన జనిత జఠర శ్లేష్మస్తర వికృతి’ అన్న సమాసం పరీక్షపత్రంలో నిలుస్తుంది గాని దవాఖానా వరండాలో నిలువదు. దీని ఫలితంగా శాస్త్రానికి ఒక భాష, రోగికి ఒక భాష మిగిలి, మధ్యలో ‘గ్యాస్’ చేరింది.

ఈ ప్రాంతపు వ్యవసాయభాషలోనే ఇందుకు పరిష్కారం ఉంది. 1963లో పునాది పడిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ ఈ ప్రాంతానికి వరిని తెచ్చినట్టే, జాలునూ తెచ్చింది. కాలువనుంచి ఊరిన నీరు పోయే దారిలేక పొలంలో నిలిచి, అడుగుపెడితే దిగబడే స్థితిని ఇక్కడి రైతు ‘జాలు పట్టింది’ అంటాడు. జాలుపట్టిన పొలంలో లోపం మట్టిది కాదని, మందు చల్లితే పోయేది కాదని, దిగువన నీరు పోయే దారి చేయాలని అతనికి తెలుసు. గట్టిపడిన కాలేయం వెనుక జఠరపు పొర స్థితి కూడా ఇదే. పొరలో పుండు లేదు, ఆమ్లం ప్రధానం కాదు. దిగువన దారి మూసుకొని రక్తం నిలిచింది. ‘రక్తపు జాలు’ లేదా ‘జఠరపు జాలు’ అన్న మాట గాస్ట్రైటిస్‌కూ గాస్ట్రోపతికీ ఉన్న భేదాన్ని ఏ నిర్వచనమూ లేకుండానే రైతుకు అందిస్తుంది. నెమ్మదిగా చెమ్మలా కారడమన్న లక్షణం కూడా ఆ మాటలోనే ఉంది.

దేశ్యపదం శాస్త్రగౌరవానికి చాలదన్న అభ్యంతరం రావచ్చు. సిర్రోసిస్ రంగుపేరు, జిఖ్ఖీ తోలుసంచి పేరు, బల్ల స్పర్శకు చెందిన పేరు. వైద్యపదాలు చాలావరకు ఒకప్పటి ఇంటి వస్తువులే. పోలికకు పరిమితి ఉన్నదన్నదీ నిజమే. పొలానికి మురుగుకాలువ తవ్వినంత తేలికగా కాలేయానికి దారి తవ్వలేము. మూలకారణానికి చికిత్స, పీడనం తగ్గించే మందు, అవసరమైనచోట ఎండోస్కోపీ, చివరకు కాలేయమార్పిడి అన్నీ వైద్యుని నిర్ణయాలు. పదం చేయగలిగినది ఒకటే: రోగి సరైన ప్రశ్నతో వైద్యుని ముందు కూర్చునేలా చేయడం.

ముగింపు

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమయ్యాయి. ఒకప్పుడు కరీంనగర్‌కో హైదరాబాదుకో వెళ్ళి తెలుసుకోవలసిన సంగతి క్రమంగా ఇంటిదగ్గరే తెలిసే వీలు కలుగుతున్నది. అక్కడ చదివే విద్యార్థి ఇంగ్లీషులో నేర్చినదానిని ‘కడుపుల నీళ్ళు’, ‘రక్తం తక్కువ’, ‘గ్యాస్’ అని చెప్పుకొనే మనిషికి ఏ మాటలో వివరిస్తాడన్నది వైద్యశాఖ ఒక్కటే తేల్చగల ప్రశ్న కాదు. అది తెలుగు శాఖల ప్రశ్న కూడా. వృత్తిపదకోశాలు నేత, వ్యవసాయం, గీతపని మాటలను సేకరించిన శ్రద్ధతోనే, రోగాన్ని చెప్పుకొనే మాటలను మండలాలవారీగా సేకరించవలసి ఉంది.

ఈ పేర్ల చరిత్ర నుంచి తేలేది ఒక్కటి. తెలుగు ఈ వ్యాధి ముగింపుకు ఘనమైన పేర్లు పెట్టింది, ఆరంభానికి పెట్టలేదు. జలోదరం అన్న మాట నోటికి వచ్చేసరికి కాలేయంలో ఎన్నో ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి. నీరు చేరకముందు, నెత్తురు పడకముందు, పొర జాలుపట్టిన దశలోనే ఆ మాట దొరికితే రోగికి దక్కేది కాలం. కాలేయవ్యాధిలో అంతకంటే విలువైన మందు తక్కువ.